దోమ నెత్తురు లెక్కపెట్టడానికి సిడ్నీ దాకా

మా ముత్తాతగారు నీలాద్రి జగన్నాథరాజుగారు నీలిగెడ్డ ఎస్టేటుకు ఏడో జమీందారు. కొండ కింద ఇరవై రెండు గ్రామాలు ఆయనవి. సంతలో తూకం రాళ్ళ మీద మా ముద్ర ఉండేది. ఆ ముద్ర లేని రాయితో తూచిన సరుకు ఎవరూ కొనేవారు కాదు. ఆయన కుమారుడు, మా తాతగారు రామభద్రరాజుగారు వీధిలోకి వస్తే బండి మీద పోయేవాళ్ళు దిగి నిలబడేవారు. మా నాన్నగారు విజయగోపాలరాజుగారి నాటికి ఎస్టేటు రద్దయి సొంత సాగు మాత్రం మిగిలింది. తర్వాత భూపరిమితి చట్టం వచ్చింది. మా చుట్టుపక్కల దొరలు పాలేర్ల పేర, పుట్టని పిల్లల పేర పొలాలు రాసి చూపించుకున్నారు. మా నాన్నగారు ఉన్నది ఉన్నట్టు, సెంట్లతో సహా, తన చేతిరాతతో రాసి ఇచ్చారు. గుమాస్తా జాలిపడి, "బాబుగారూ, రేపు రండి, ఇంకోసారి ఆలోచించి రాద్దాం" అన్నాడట. "లెక్క అడిగారు, ఇచ్చాను" అని లేచి వచ్చేశారట. దానితో మా పని అయిపోయిందని బంధువులు ఇప్పటికీ అంటారు. అననివ్వండి.

నేను మలేరియా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. జమీందారు మనవడు దోమల ఉద్యోగంలో చేరాడని నవ్వినవాళ్ళు చాలామంది. వాళ్ళలో కొందరి వేలి చుక్కలు తర్వాత నా మైక్రోస్కోపు కిందికే వచ్చాయి. మన్యంలో చలిజ్వరం పడ్డవాళ్ళ రక్తాన్ని గాజు స్లయిడు మీద పరిచి, రంగు వేసి, అందులో మలేరియా క్రిమి ఉందో లేదో చెప్పడం నా పని. స్లయిడును పొలం దున్నినట్టు చూడాలి. ఒక సాలు పైకి, పక్క సాలు కిందికి, అంచు నుంచి అంచు దాకా. లెన్సు కింద ఒకసారికి కనబడే మేరను ఫీల్డ్ అనే అంటాం.

నా చెల్లెలి కూతురు హైమ సిడ్నీలో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. మొన్న ఆగస్టులో ఫోన్ చేసి, నాకు తెలిసిన ఆ పని కోసమే రమ్మంది. అందుకే వెళ్ళాను. ఒపేరా హౌస్ చూశారా అని అడిగినవాళ్ళందరికీ ఇక్కడే జవాబు చెప్పేస్తున్నాను. రైల్లోంచి చూశాను. తెల్లగా ఉంది.

డిక్లరేషన్ కాగితం

విమానం దిగబోయే ముందు ఒక కార్డు ఇస్తారు. తినే వస్తువులున్నాయా, గింజలున్నాయా, ఆకులున్నాయా, పాలతో చేసినవి ఉన్నాయా అని అడుగుతారు. నా పక్క సీటులో హైదరాబాదు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నా కార్డులోకి తొంగి చూశాడు.

"అంకుల్, ఏం చేస్తున్నరు? అన్నిటికీ యెస్ పెడుతున్నరేంది?"

"ఉన్నాయి కాబట్టి."

"అయ్యో, నో పెట్టేయండి అంకుల్. యెస్ పెడితే బ్యాగ్ మొత్తం విప్పుతరు. మస్తు టైం పోతది."

నాకు టైము చాలా ఉందని చెప్పాను. అతను నా వంక జాలిగా చూసి కళ్ళు మూసుకున్నాడు.

యెస్ పెట్టినవాళ్ళది వేరే వరస. ఉక్కు బల్ల వెనక ముఖం నిండా మచ్చలున్న ఒక పొడుగాటి అమ్మాయి చేతి తొడుగులు వేసుకుని నా సంచి విప్పింది. చెల్లెలు పంపిన కరివేపాకు పోయింది. పనస గింజలు పోయాయి. ఆవకాయ మూత తీసి వాసన చూసి, కళ్ళు చెమర్చి, పక్కకు తిరిగి దగ్గి, దాన్ని మాత్రం వదిలేసింది. "నిజం చెప్పినందుకు థాంక్స్, మేట్" అంది. ముక్కూ ముఖం తెలియని ఆడపిల్ల నన్ను మేట్ అనడం మొదట కాస్త కరుకుగా తగిలింది. తర్వాత చూస్తే అక్కడ అందరూ అందరినీ అలాగే పిలుస్తారు.

హైదరాబాదు కుర్రాడు పెద్ద పెట్టె లాక్కుంటూ మమ్మల్ని దాటి నేరుగా బయటికి పోయాడు. పోతూ నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అతని పెట్టెలో ఏముందో నాకు తెలియదు. నా సంచిలో ఏముందో వాళ్ళకు తెలుసు. అది చాలు.

స్కోఫీల్డ్స్

హైమ ఉండేది సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో, ఒక గుంటూరు కుటుంబం ఇంటి వెనక గదిలో. అంతా కొత్త ఇళ్ళు, ఒక్కలాంటివే. పొద్దున ఎనిమిది దాటితే వీధిలో మనిషి కనబడడు. కుక్కల్ని నడిపించేవాళ్ళు మాత్రం కనబడతారు, ఒక చేతిలో తాడు, ఇంకో చేతిలో సంచి. ఆ సంచి ఎందుకో తెలిశాక చూపు తిప్పుకున్నాను. ఇండియన్ దుకాణంలో గుప్పెడు కరివేపాకు నాలుగు డాలర్లు. ఎయిర్‌పోర్టు చెత్తబుట్టలో నాది ముప్పై డాలర్ల ఆకు పోయి ఉంటుందని హైమ నవ్వింది.

బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకు థాంక్స్ చెబుతారు. మా ఇంట్లో బండి తోలేవాడికి ఎవరూ అలా చెప్పగా నేను వినలేదు. మూడో రోజు నుంచి నేనూ చెప్పాను.

అది వాళ్ళకు వసంతకాలం. ఆ రోజుల్లో మ్యాగ్‌పై అనే నలుపు తెలుపు పక్షి గూడు దగ్గరికి ఎవరొచ్చినా వెనక నుంచి వచ్చి తల మీద పొడుస్తుంది. జనం గొడుగులు పట్టుకుని, వంగి పరుగెడతారు. హైమ కూడా, "మావయ్యగారూ, తల దించండి, దించండి!" అని అరిచింది. నేను దించలేదు. మామూలుగానే నడిచాను. చెవి పైన పొడిచింది. రక్తం వచ్చింది. మర్నాడు అదే దారిన మళ్ళీ అలాగే నడిచాను. ఆ పక్షి మళ్ళీ పొడిచింది. దాని గూడు అది కాపాడుకుంటోంది, దాని మీద నాకేం కోపం లేదు. దారి కూడా నాదే.

ఆ సాయంత్రం చెవికి దూది పెడుతూ హైమ తన సంగతి మొత్తం చెప్పింది.

జబ్బు చేస్తే మన రక్తంలో తెల్లకణాలు పోరాడతాయని బడిలో చదువుకున్నాం. దోమకూ జబ్బు చేస్తుంది. దాని ఒంట్లోనూ అలాంటి కణాలున్నాయి. కొట్టినప్పుడు మన చేతికి అంటుకునే ఎర్రటి నెత్తురు మనది, దోమది కాదు. దోమ నెత్తురుకు రంగే లేదు, చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది. ఆ నీళ్ళలో తిరిగే కణాలు క్రిమిని పట్టుకుని మింగుతాయి. అవి గట్టిగా పనిచేసే దోమలో రోగం నిలవదు, కాబట్టి అది ఇంకొకరికి అంటించలేదు. అందుకే వాటిని చదువుతున్నారు. క్రిమి సోకిన దోమలో ఆ కణాల సంఖ్య రెట్టింపవుతుందని హైమ లెక్కలో తేలింది. అయితే లెక్క పెట్టింది ఒక్కతే. ఏ స్లయిడు ఏ దోమదో ఆమెకు తెలుసు. ఏది ఏదో తెలియని ఇంకో మనిషి మొత్తం మళ్ళీ చూడాలన్నారు ప్రొఫెసరుగారు.

"మీ లెక్కా నా లెక్కా కలిస్తే డిసెంబర్‌లో థీసిస్ సబ్మిట్ చేసేస్తానండీ" అంది. "కలవకపోతే ఇంకో సిక్స్ మంత్స్. స్కాలర్‌షిప్పేమో డిసెంబర్‌తో ఓవర్."

"నేను నీ మేనమామని కదా. వాళ్ళు ఒప్పుకుంటారా?"

"అదే మేడమ్ మిమ్మల్ని అడుగుతారట."

దోమల గది

ప్రొఫెసరుగారు తెల్లటి పొట్టి జుట్టు, గరుకు చేతులు ఉన్న మనిషి. రైతు కుటుంబం అట. కుర్చీ చూపించకుండానే అడిగారు, మీ మేనకోడలి లెక్క తప్పని తేలితే ఆ మాట ఆమె ముఖం మీద చెప్పగలరా అని. హైమ తెలుగులో చెప్పబోయింది, ఆపాను. నాకు ఇంగ్లీషు వచ్చు.

"చెప్పలేనివాణ్ణయితే టికెట్టు కొనేవాణ్ణి కాదు" అన్నాను.

ఆవిడ పది పాత స్లయిడ్లు నా ముందు పెట్టి చూడమన్నారు. సాయంత్రం నా కాగితం తీసుకుని, తన కాగితం పక్కన పెట్టి చూసుకుని, "సోమవారం తొమ్మిదింటికి రండి" అన్నారు.

దోమల గదిని చూసుకునేది అప్పన్న. ఫిజీ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు దాటిందట. వయసు నాకంటే రెండు మూడేళ్ళు ఎక్కువ. పేరు మనదే, భాష మాత్రం నాయనమ్మ దగ్గర విన్నంతే. ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడతాడు. రెండు తలుపులు, వాటి మధ్య గాలి కొట్టే యంత్రం, లోపల మన భాద్రపదంలా ఉక్క. వల పంజరాల నిండా దోమలు. అతను చొక్కా చెయ్యి మడిచి, రోగం లేని దోమల పంజరంలో మోచేతి దాకా పెట్టాడు. క్షణంలో చెయ్యి దోమలు వాలి నల్లబడింది.

"తినండి బిడ్డలూ, తినండి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పెడతావా రాజుగారూ? రాజు బ్లడ్ దీనికి ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు దోమల్ని చంపించిన చెయ్యి. పెట్టాను. మంట మొదలయ్యాక కూడా తియ్యలేదు, అతను తీసేదాకా. "బాగుంది, బాగుంది, మొండి మనిషి" అని అప్పన్న తువ్వాలు ఇచ్చాడు.

స్లయిడ్ల పేర్ల మీద టేపు అంటించి అంకెలు వేసింది అప్పన్నే. ఏ అంకె ఏ దోమదో రాసిన కాగితం అతని సొరుగులో, తాళంలో ఉంది. దోమలు మూడు రకాలని మాత్రం నాకు చెప్పారు. ఏమీ చెయ్యని దోమలు, ఉత్త శుభ్రమైన నీళ్ళ సూది గుచ్చిన దోమలు, క్రిములున్న నీళ్ళ సూది గుచ్చిన దోమలు. రెండో రకం ఎందుకని అడిగాను. సూది గాయానికే ఒళ్ళు ఎంత ఉలిక్కిపడుతుందో తెలియాలి కదా అంది హైమ. నచ్చింది నాకు ఆ జాగ్రత్త.

అంచు నుంచి అంచుకు

దోమను మంచు మీద పెట్టి మత్తెక్కిస్తారు. తోక చివర వెంట్రుకవాసి కత్తిరించి, వెంట్రుక కంటే సన్నటి గాజు సూదితో గుండెల దగ్గర ద్రవం ఎక్కిస్తే, కత్తిరించిన చోట నుంచి స్వచ్ఛమైన చుక్క ఒకటి బయటికి వస్తుంది. దాన్ని స్లయిడు మీద గీసిన గుండ్రటి గీత మధ్యలో పడనిస్తారు. కణాలు దిగి గాజుకు అంటుకున్నాక కడిగి రంగు వేస్తారు. ఇదంతా హైమ చేతులు చేసిన పని. చూస్తే గర్వం వేసింది, కానీ అప్పుడు చెప్పలేదు.

తొమ్మిది రోజులు కూర్చున్నాను. కొన్ని కణాలు గుండ్రంగా, ఆవగింజల్లా ఒంటరిగా ఉంటాయి. కొన్ని గాజును పట్టుకుని, అట్టు పిండిలా పరుచుకుని, చుట్టూ కాళ్ళు చాపుతాయి. క్రిములకు మెరిసే రంగు ఉంటుంది కాబట్టి, నా లెక్కలో లేని స్లయిడు ఒకటి పెట్టి వేరే దీపం వేస్తే ఆ పరుచుకున్న కణం కడుపులో పచ్చటి చుక్కలు కనిపిస్తాయి. మింగేసినవి అవి. మనుషుల నెత్తుట్లో క్రిమిని వెతకడం నా జీవితమంతా చేశాను. ఆ క్రిమిని మోసుకొచ్చే దోమ కూడా తన ఒంట్లో దానితో కొట్లాడుతుందని నాకెవరూ చెప్పలేదు. దోమ అంటే అప్పటిదాకా నాకు ఉత్త సూది.

ఒక మధ్యాహ్నం హైమ బతికున్న దోమ గుండె చూపించింది. వీపు వెంట పొడుగ్గా సాగిన గొట్టం అది, అలలా కొట్టుకుంటుంది. దానికి పక్కల చిన్న చిన్న ద్వారాలు. దోమకు రక్తనాళాలు లేవు, ఒళ్ళంతా నెత్తురు ఊరికే నిండి ఉండి ఆ ద్వారాల గుండా గుండెలోకి పోతుంది. క్రిమి సోకిన కాసేపటికే పోరాడే కణాలు వచ్చి సరిగ్గా ఆ ద్వారాల దగ్గర కాపు కాస్తాయి. కొట్టుకుపోతున్న క్రిమిని అక్కడే పట్టి తినేస్తాయి.

"చూశారా మావయ్యగారూ? అక్కడే ఎందుకంటే ఫ్లో ఎక్కువ."

"తెలుస్తోంది. మా తాతగారి ఠాణా కూడా సంత దారి మొగలోనే ఉండేది."

"అబ్బా, దోమలో కూడా మీకు ఎస్టేటే కనిపించిందా!" అని నవ్వింది. ఆ పిల్ల నవ్వు అచ్చం మా చెల్లెలిది.

ఐదో రోజున నా వెనక నిలబడి కాసేపు చూసింది.

"అంచు దాకా ఎందుకండీ వెళ్తున్నారు? మధ్యలో ట్వెంటీ ఫీల్డ్స్ చూస్తే ఇనఫ్. మేమంతా అంతే."

"ఎవరు చెప్పారు?"

"నా ముందు స్టూడెంట్ నేర్పింది."

"ఆవిడకెవరు నేర్పారు?"

"ఏమో. ఆవిడ ముందు స్టూడెంటేమో."

మధ్యలో ఎన్నో ఒక వరసలో, మిగతా చోట ఎన్నో ఇంకో వరసలో రాస్తున్నానని చెప్పాను. "మీ ఇష్టం, మీ కళ్ళే నొప్పెడతాయి" అని వెళ్ళిపోయింది. నొప్పెట్టాయి. అరవై స్లయిడ్లు, ఒక్కోదానికి రెండు వరసలు.

టూంగాబీ

ఆదివారం అప్పన్న భోజనానికి పిలిచాడు. ఇల్లు టూంగాబీలో. భార్య కూతురి దగ్గరికి వెళ్ళిందట, వంట తనే చేశాడు. కొబ్బరిపాలలో ఉడికిన చేప, ఉడకబెట్టిన కర్రపెండలం, చింతపండు పచ్చడి. పచ్చడిలో తాలింపు మా ఇంటి తాలింపే. మిగతాది సముద్రం అవతలిది. హైమ మూడుసార్లు వడ్డించుకుంది.

గోడ మీద ఒక పాత ఫొటో ఉంది. తలపాగా చుట్టుకున్న మనిషి, చెరకు కత్తి పట్టుకుని. అప్పన్న వేలితో చూపించాడు.

"మా తాత నాన్న. విశాఖపట్నం పోర్ట్‌లో షిప్ ఎక్కినాడు. గిర్మిట్, అదే ఐదేళ్ళ కూలి ఒప్పందం. చెరకు తోట పని. నాయనమ్మ చెప్తాది, కొండ కింద ఊరు. అక్కడ దొర కొట్టి పని చేయించేవాడు, డబ్బు లేదు. రాత్రికి రాత్రి పారిపోయినాడు." ఆగి నా వంక సూటిగా చూశాడు. "నీ లాటి రాజుగారి కాడ నుంచి."

హైమ గిన్నెలో గరిటె ఆగిపోయింది. "అంకుల్, ప్లీజ్" అంది.

"ఉండమ్మా" అన్నాను. "ఊరి పేరు తెలుసా?"

"తెలీదు. కాగితం పోయింది."

"అయితే మావాళ్ళే కావచ్చు. కాదని చెప్పడానికి నా దగ్గరా కాగితం లేదు."

"సారీ చెప్తావా?"

"మావాళ్ళని తేలితే చెబుతాను. తేలకుండా ఊరికే మర్యాదకి చెప్పను."

అప్పన్న పెద్దగా నవ్వి, నా పళ్ళెంలో చేప తల వేశాడు. "పారిపోయినోడి మనవడు చేప తింటున్నాడు. దొర మనవడు వాడింట్లో తింటున్నాడు. ఇంక సారీ ఏటికి? తిను!"

తిన్నాను. ఇంత మంచి చేప మా దివాణంలో నేనెప్పుడూ తినలేదని అతనికి చెప్పాను. అది మర్యాద మాట కాదు.

సొరుగు తెరిచిన రోజు

మంగళవారం ప్రొఫెసరుగారి గదిలో అప్పన్న కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడే అంకెల పక్కన నా లెక్కలు ఒక్కొక్కటి రాశారు. మధ్య వరస ముందు రాశారు. క్రిమి సోకిన దోమల్లో కణాలు రెట్టింపు. అచ్చంగా హైమ చెప్పినట్టే. హైమ బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత రెండో వరస రాశారు. రెండూ కలిపి కూడారు.

రెట్టింపు లేదు. ఏమీ చెయ్యని దోమల కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఉత్త నీళ్ళ సూది గుచ్చిన దోమల్లోనూ దాదాపు అంతే ఉన్నాయి. సంఖ్య పెరిగింది సూది గాయానికి, క్రిమికి కాదు.

ప్రొఫెసరుగారు మొత్తాన్ని ఇంకోసారి కూడి చూసుకున్నారు. తర్వాత తెల్ల బోర్డు మీద గుండ్రం గీసి చూపించారు. క్రిమి సోకిన దోమ కణాలకు జిగురు ఎక్కువ. చుక్క పడిన చోటే, మధ్యలోనే, గాజును పట్టేసుకుంటాయి. మామూలు కణాలు కడిగినప్పుడు అంచుకు కొట్టుకుపోతాయి. మధ్యలో మాత్రమే చూసేవాళ్ళకు మొదటివి రెట్టింపుగా కనబడతాయి. "ఈ ల్యాబ్‌లో ఇన్నేళ్ళూ మధ్యలోనే చూశాం" అన్నారు. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో ముఖంలో తెలిసింది, అయినా అన్నారు. కణాలు పెరగడం కాదు, వాటి పట్టు పెరగడం అసలు సంగతి కావచ్చట. అది తేల్చాలంటే కొత్త దోమలు, కొత్త స్లయిడ్లు, ఇంకో ఆరు నెలలు. స్కాలర్‌షిప్ పొడిగింపు అడుగుతానన్నారు, వస్తుందని మాత్రం చెప్పలేనన్నారు.

హైమ నా చెయ్యి ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియలేదు.

వరండాలో నన్ను ఆపింది.

"సంతకం ఇంకా పెట్టలేదు కదా?"

"లేదు. మధ్యాహ్నం పెట్టమన్నారు."

"మధ్య వరస ఒక్కటే ఇవ్వొచ్చు కదండీ. అది మీరు చూసిందే కదా. అబద్ధమేం కాదు. ఈ ఫీల్డ్‌లో అందరూ అలాగే చేస్తున్నారు. మేడమ్‌ని నేను కన్విన్స్ చేస్తాను, ఎడ్జ్ సంగతి ఫ్యూచర్ వర్క్ అని రాస్తాను."

"చూసింది మొత్తం రాశాను హైమా. సగం చింపి ఇవ్వడం నాకు రాదు."

"మీకేం, మీరు ఫ్లైట్ ఎక్కి వెళ్ళిపోతారు!" గొంతు పైకి లేచింది. ఎవరో తలుపు తీసి చూసి మూసుకున్నారు. "తాతగారూ అంతే. ఉన్నదంతా రాసిచ్చి పేరు తెచ్చుకున్నారు. ఆ పేరు మా అమ్మకేం పెట్టింది? ఊళ్ళో అందరి జాకెట్లూ కుట్టి నన్ను చదివించింది. మీ ఇద్దరి నిజాయితీకీ మిషన్ తొక్కింది మా అమ్మ!"

మా నాన్నగారిని గురించి నా ఎదుట ఇంకెవరైనా అలా అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఈ పిల్ల అన్నది నిజం. అంత మాత్రాన లెక్క మారదు. మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి, రెండు వరసలూ ఉన్న కాగితం కింద నా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.

మళ్ళీ స్కోఫీల్డ్స్

రెండు రోజులు హైమ నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది, మాట మాత్రం లేదు. మా ఇంటి మౌనాలు నాకు తెలుసు, పగలగొట్టాలని చూడలేదు. బుధవారం గుంటూరు వాళ్ళు బార్బెక్యూ అని వెనక దొడ్లో పొయ్యి పెట్టి పిలిచారు. ఆ ఇంటాయన, "పెద్దాయనా, బ్లూ మౌంటెన్స్ చూడకుండా ఎళ్తే ఎట్టండీ, రేపు కార్లో నేను తిప్పుతాగా" అని బతిమాలాడు. వద్దన్నాను. వచ్చిన పని కొండలు చూడడం కాదు.

గురువారం పొద్దున హైమ మొక్కజొన్న రేకుల గిన్నె ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అంది.

"నిన్న నా పాత స్లయిడ్లు తీసి ఎడ్జ్ దాకా కౌంట్ చేశాను."

నేను కాఫీ కింద పెట్టాను.

"మీరు చెప్పినట్టే ఉంది. అన్నిటిలోనూ." చెంచాతో గిన్నె అడుగు గీకింది. "సబ్మిట్ చేసేసుంటే, రెండేళ్ళ తర్వాత ఇంకెవరో పట్టుకునేవారు. అప్పుడు నా పేరు మీద పడేది."

"పడేది."

"మొన్న అన్న మాటలకి సారీ చెప్పను మావయ్యగారూ."

"చెప్పొద్దు. నిజమే అన్నావు."

అప్పుడు నా వైపు చూసింది. "జూన్ దాకా మళ్ళీ చేస్తాను. రెంట్‌కి గ్రాసరీ స్టోర్‌లో షిఫ్టులున్నాయి. డే అంతా ల్యాబ్, ఈవినింగ్ షిఫ్ట్. ఎలాగో చేస్తా."

"షిఫ్టులు వద్దు."

"మరి డబ్బు?"

"ఒక్కో స్లయిడూ రెండు వరసలుగా రాయి. కళ్ళు అలిసిపోతే లెక్క తప్పుతుంది. సాయంత్రం దుకాణంలో నిలబడితే పొద్దున కళ్ళు అలిసే ఉంటాయి."

"నేనడిగింది డబ్బు సంగతి."

"విన్నాను."

ఎయిర్‌పోర్టుకు అప్పన్న తన కారులో దింపాడు. దిగేటప్పుడు నేను థాంక్స్ చెబితే, "బస్ డ్రైవర్‌ని కాదు రాజుగారూ" అని కౌగిలించుకున్నాడు. మా వైపు మగవాళ్ళు అలా కౌగిలించుకోరు. నిటారుగా నిలబడే ఉన్నాను, చేతులు మాత్రం అతని వీపు మీద వేశాను. హైమ అందరి ముందూ వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చూడనివ్వండి అనుకున్నాను.

ఇంటికి వచ్చాక అందరూ ఒకటే ప్రశ్న, ఏం తెచ్చారు, ఏం చూశారు అని. దోమ గుండె చూశానని చెబితే నవ్వుతున్నారు. వాళ్ళకు చెప్పేది ఒకటే. మీరు వెళితే కంగారూలు చూడండి, మంచిదే. నేను చూసింది మీరెవరూ చూడలేదు.

హైమ ప్రొఫెసరు ఉత్తరం రాశారు. పొడిగింపు రాలేదు. కొత్త దోమల మీద పని మొదలైంది. హైమ షిఫ్టులకు వెళ్ళడం లేదు.

నవంబరు రెండో వారంలో, మా పేరున మిగిలిన ఆఖరి భూమి, కొండవాలులో రెండెకరాల జీడితోట, అమ్మేశాను.